నీళ్ల గంట

సిద్దిపేటలోని ఆ ఉన్నత పాఠశాలలో ఆరోగ్య కార్యక్రమాన్ని జీవశాస్త్రం చెప్పే సింధుజకు అప్పగించారు. ఆమె దాన్ని మొక్కుబడిగా చేయలేదు. పొద్దున రాగిజావ, గురువారం ఐరన్ మాత్ర, మధ్యమధ్యలో నీళ్ల గంట. గంట మోగగానే బడి బడంతా సీసాలెత్తి నీళ్లు తాగాలి. వరండాలో నిలబడి అది చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

జనవరిలో ఒకరోజు ప్రార్థన జరుగుతుండగా తొమ్మిదో తరగతి రుచిత కుప్పకూలింది. ఒళ్లు కాలిపోతోంది. నారాయణరావుపేట నుంచి బస్సులో వచ్చే పిల్ల. తల్లి అమృతమ్మ కూలికి పోయిందేమో, ఫోన్ ఎత్తలేదు. సింధుజే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది.

"మూత్రంలో చీము పోతోంది. ఇది నిన్న మొన్నటిది కాదు," అంది డాక్టరమ్మ. "నీళ్లు మంచిగ తాగుతున్నవా బిడ్డా?"

రుచిత సింధుజ వైపు చూసి తల దించుకుంది.

"తాగుతలేను మేడం. సీసా మూతికి పెట్టుకుంటం, గంతే. ఆడపిల్లలందరం అట్లనే చేస్తం."

"ఎందుకే?" అంది సింధుజ.

"తాగితే బాత్రూంకు పోవాలె గద. తలుపుకు గొళ్లెం లేదు. పోరగాళ్లు గోడెక్కి చూస్తరు. ఇంటికి పోయేదాంక ఆపుకుంటం."

మరునాడు సింధుజ వెళ్లి ఆడపిల్లల బాత్రూంలు చూసింది. ఒకదానికి తలుపే లేదు. కుళాయి ఎండిపోయి ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటపడి, నేరుగా హెడ్మాస్టరు రమాకాంత్ గదికి పోయింది.

"వచ్చే వారం మన కార్యక్రమం చూడనీకి పైనుంచి వస్తున్నరు మేడం," అన్నాడాయన. "గిప్పుడు గీ ముచ్చట లేపకున్రి. తర్వాత చూద్దాం."

"పిల్ల దవాఖానల పడి ఉంది సార్. వాళ్లొస్తే ముందుగాల గా బాత్రూంల కాడికే తీస్కపోత."

వారం తిరగకముందే తలుపులు వచ్చాయి, గోడ ఎత్తు పెరిగింది. పైనుంచి వచ్చినవాళ్లు పిల్లలు నీళ్లు తాగడం చూసి మెచ్చుకుని, ఫోటోలు దిగి వెళ్లిపోయారు.

రుచితను హైదరాబాద్ పంపించారు. ఒక కిడ్నీ పూర్తిగా చెడిపోయిందన్నారు. రెండోది ఎంతకాలం పనిచేస్తుందో చెప్పలేమన్నారు. పుట్టుకతోనే ఏదో లోపం ఉందట. ఏళ్ల తరబడి ఆపుకోవడంతో ముదిరిందట.

ఎండాకాలం సెలవుల్లో సింధుజ వాళ్లింటికి వెళ్లింది. ముఖం ఉబ్బిపోయి రుచిత మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చిన్న కూతురు లాస్యను ఆరో తరగతికి ఆ బడికి పంపేది లేదని అమృతమ్మ తెగేసి చెప్పింది.

"ఇప్పుడు తలుపులు పెట్టించినం అమ్మా. రోజూ నేనే పోయి చూస్తున్న."

"నా బిడ్డ పడ్డంక పెట్టిన్రా మేడం?" అమృతమ్మ గొంతు పెంచలేదు. "గంతకుముందు మీకు కనపడలేదా?"

టీచర్ల బాత్రూం వేరే ఉంది, దానికి తాళం ఉంది. ఇన్నేళ్లలో సింధుజ ఆ పక్కకు తొంగి చూసిందే లేదు.

గోడవైపు నుంచి తిరగకుండానే రుచిత తల్లితో అంది. "దాన్ని పంపు అవ్వా. ఇంట్ల ఉండి ఏం జేస్తది."

జూన్‌లో లాస్య బడికి వచ్చింది, అక్క యూనిఫాం కురచ చేయించుకుని. దసరా నాటికి రుచిత రెండో కిడ్నీ కూడా మొరాయించింది. డయాలసిస్ ఉన్న రోజుల్లో అమృతమ్మ ఆమెను తీసుకుని సిద్దిపేటకు వస్తుంది. ఆ రోజుల్లో ఇల్లు చూసుకోవాలి కాబట్టి, లాస్య బడికి రాదు.