కొంగుముడిలోని కర్పూరము

వసంతము ముదిరి గ్రీష్మమునకు దారి యిచ్చుచున్న కాలమది. మోదుగుపూలు రాలి కొండచరియ యెల్ల నెఱ్ఱవారి యుండెను. సూర్యుడు నడిమింటికి చేరువ యగుచుండ నల్లని ఱాతిపలకలు కాగి బాటసారుల యడుగులను దహించుచు నీరింకిన సెలయేటిత్రోవలు తెల్లని ఱాళ్లతో మెఱయుచు నుండగా పూర్వకాలమున బౌద్ధభిక్షువులు కొండను తొలిపించి కట్టుకొనిన గుహావిహారముల ద్వారములు మాత్రము చల్లని చీకటిని కడుపునిండ నింపుకొని మౌనముగా నిలిచియుండెను. వానిలో పెద్దగుహ వాకిటిమీద ఏనుగుచెవులంతేసి తేనెపట్టులు ఏడు వ్రేలాడుచుండెను. దూరమునుండి చూచువారికవి ఱాతిచెక్కడములని తోచును. దగ్గరకు పోయినవారికి వాని పైభాగము సజీవమై కదలుచుండుట కానవచ్చి యొడలు జలదరించును.

ఆ కొండ ప్రభుత్వ రక్షణలోనిది. పూజలు సలుపరాదనియు నిప్పు వెలిగింపరాదనియు దిగువనొక నీలిపలక చెప్పుచుండెను. దానిని చదువువారు తక్కువ యగుటచే పోలయ్య యను వృద్ధుడైన కావలివాడు పలకప్రక్కనే మట్టికుండ నొకదానిని ముందిడుకొని కూర్చుండి వచ్చిన ప్రతివారి అగ్గిపెట్టెను అందు వేయించుకొని మరలునప్పుడు తిరిగి యిచ్చుచుండెను. ఎవరును విధింపకయే యతడు తనంత పెట్టుకొనిన ఆచారమది.

విశాలాక్షి తొమ్మిదేండ్ల కూతురు మృణాళినిని వెంటబెట్టుకొని యచ్చటికి వచ్చినది విహారార్థము కాదు. పోయిన యేడు విషజ్వరమున పడి పదునెనిమిది దినములు కన్ను తెఱవని యా బిడ్డ బ్రతికి బయటపడినచో గుహలోని స్తూపమునకు కర్పూరహారతి యిత్తునని యామె మ్రొక్కుకొనియుండెను. తరతరములుగా ఆ చుట్టుప్రక్కల స్త్రీలు ఆ స్తూపమును శివలింగమనియే నమ్మి కొలుచుచుండిరి. చదువుకొన్నవారెంత చెప్పినను వారికది గుహేశ్వరుడే.

"అమ్మా, నిప్పు కలదా? ఉన్నచో ఈ కుండలో వేసి పొండు. పైనున్నవి పొగ నోర్వవు" అని పోలయ్య యడిగెను.

విశాలాక్షి చేయి తానెఱుగకయే నడుమున దోపుకొనిన కొంగుముడిమీదికి పోయెను. "లేదు తాతా" అనెను.

కూతురు తల్లి ముఖమువంక చూచెను. తల్లి చూపు మరల్చుకొని తొందరగా మెట్లెక్కసాగెను. దేవునికిచ్చిన మాట చెల్లించుటకై చెప్పిన యబద్ధము అబద్ధమేయగునా యని తనకు తాను సర్దిచెప్పుకొనెను. 

గుహలో స్తూపమునకు ముమ్మారు ప్రదక్షిణము చేసి యామె ముడి విప్పెను. అందు అగ్గిపెట్టెతోపాటు కర్పూరపుబిళ్లలు పదునెనిమిది. బిడ్డ కన్ను తెఱవని దినమున కొక్కొక్కటి. అన్నిటిని శిలపై కుప్పగా పోసి వెలిగించి కన్నులు మూసికొని చేతులు జోడించెను. మంటనుండి లేచిన నల్లని పొగ కప్పునందలి నెఱియను వెదకికొని మెల్లగా పైకి పోయెను.

"అమ్మా, కొండ మ్రోగుచున్నది" అని మృణాళిని గుసగుసలాడెను.

విశాలాక్షి కన్ను తెఱచునప్పటికి గుహాద్వారమునందలి వెలుగు మసకబాఱుచుండెను. ఆ మ్రోత క్షణక్షణము పెరిగి ఱాతిగోడల తాకి దిక్కులన్నిటినుండియు తిరిగి వచ్చుచుండ నామె బిడ్డను దగ్గరకు లాగికొనెను. ఇంతలో పోలయ్య రొప్పుచు లోపలికి వచ్చి పాదముతో నిప్పు నలిపివేసి తన గొంగళిని వారిపై విసరెను.

"పరుగిడవలదు! చేతులు విసరవలదు! బోరగిల పండుకొనుడు. నేను పిలుచువఱకు కదలకుడు!"

తల్లియు బిడ్డయు నేలకఱచిరి. గొంగళిమీద తేనెటీగలు వాలుచున్న చప్పుడు తొలకరి చినుకులవలె టపటప వినవచ్చెను. ఏ బిడ్డ ప్రాణము దక్కినదని హారతి వెలిగించితినో ఆ బిడ్డనే నా చేతులతో చంపుకొనుచుంటినిగదా యని విశాలాక్షి లోలోపల కుమిలి కుమిలి యేడ్చెను. ఏడ్పు పైకి రానీయుటకును భయమే. గొంగళియంచున నున్న సందుగుండ ఈగ యొకటి లోనికి దూఱి మృణాళిని చెక్కిలిమీద వాలి ముక్కుమీదుగా నడచి కనుఱెప్పపై నిలిచెను. బిడ్డ ఊపిరి బిగబట్టెను. విశాలాక్షి తన ముంజేతిని వెండ్రుకవాసి వెండ్రుకవాసిగా జరిపి యా కంటిచెంత నుంచెను. ఈగ చాలసేపు సంశయించినట్లుండి చేతిమీది కెక్కి కుట్టెను. ఆమె పెదవి కొఱికికొనెను గాని కిక్కురుమనలేదు.

ఎంతసేపటికో మ్రోత సన్నగిల్లెను. పిలుపు మాత్రము రాలేదు. గొంగళి తొలగించి చూడగా పోలయ్య ద్వారమున కడ్డముగా వీపానించి కూర్చుండియుండెను. ముఖము వాచి కన్నులు పూడుకొనిపోయియుండెను.

"పాపకు కుట్టలేదుగదా?" అని యతడు వాచిన పెదవులతో నడిగెను.

"లేదు తాతా" అని యామె యతని పాదములపై పడి భోరున నేడ్చెను. "నిప్పు నేనే తెచ్చితిని. నీతో నబద్ధమాడితిని."

"ఎఱుగుదును తల్లీ. నీ చేయి కొంగుముడిమీదికి పోవుట చూచితిని. కావుననే వెనుక వచ్చితిని. పరస్త్రీని కొంగు విప్పుమని యెట్లడుగుదునని మొగమాటపడితిని. ఆ మొగమాటము నాది. ఈ వాపు దానికే."

కబురందుకొని వచ్చిన వైద్యుడు తేనెటీగల ముండ్లను ఊడదీసి ప్రాణభయము లేదనియు రెండు దినములు కన్నులు తెఱచుకొనవనియు చెప్పెను. విశాలాక్షి యింటికి పోలేదు.

మఱునాటి ప్రొద్దున యాత్రికుల బస్సు కొండదిగువ నాగెను. పలకచెంతనున్న తన గుడిసెలో పోలయ్య లేవబోయి తూలి పడెను. విశాలాక్షి యతనిని పండుకొనబెట్టి పోయి నీలిపలకప్రక్కన కుండ ముందిడుకొని కూర్చుండెను. మగవారు అగ్గిపెట్టెలు వేసి పోయిరి. వారి వెనుక చంకన పసివానితో నొక యిల్లాలు వచ్చెను.

"నిప్పు కలదా చెల్లీ?"

"లేదక్కా" అని యామె నవ్వెను. ఖాళీగానున్న చేయి నడుమువైపు పోయెను.

 విశాలాక్షి లేచి యెదుట నిలిచి వాచిన తన ముంజేతిని చూపెను. "నేనును నిన్న లేదనియే చెప్పితిని. ముడి విప్పుము."

ఆ యిల్లాలు ముంజేతిని చూచెను. చంకలోని బిడ్డను చూచెను. తల వంచుకొని ముడి విప్పెను. అగ్గిపెట్టె కుండలో పడినది. దానివెంట కర్పూరపుబిళ్లలు ఒకటొకటిగా రాలిన చప్పుడు విని గుడిసెవాకిట నున్న మృణాళిని తటాలున తల యెత్తి కొండవంక చెవియొగ్గెను.

కొండ మ్రోగలేదు.