ఏడో ఇన్నింగ్స్‌లో నేనన్న మాట

మార్చి పదకొండున, బుధవారం, మూడో పీరియడ్‌లో భిన్నాల కూడిక చెబుతుండగా ఆఫీసులో పనిచేసే ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ముఖం చూడగానే విషయం తెలిసిపోయింది. అయినా నేను బోర్డు మీది లెక్క పూర్తిచేసి, జవాబు కింద గీత గీసి, సుద్దముక్క పెట్టెలో పెట్టి మరీ బయటికి వెళ్లాను. ముప్పైయొక్క ఏళ్ల ఉద్యోగంలో అంత తిన్నని గీత నా చేతినుంచి ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు బడికి వెళ్లమన్నది మా ఆవిడ మార్విసే. "నువ్విలా మంచం పక్కన కుర్చీ వేసుకుని చూస్తుంటే పరీక్ష హాల్లో ఉన్నట్టుంది. పో, పిల్లల్ని ఏడిపించుకో" అంది. అంతకు వారం ముందు, మధ్యాహ్నం సూపు తాగిస్తుంటే ఇంకో మాట కూడా అడిగింది.

"హాల్వర్, నేను చచ్చిపోతున్నానని ఒక్కసారి నోరు విప్పి అనవయ్యా. నువ్వన్నంత మాత్రాన త్వరగా పోను. అననంత మాత్రాన ఆగిపోను."

"సూపు చల్లారిపోతోంది" అన్నాను.

సూపు నిజంగానే చల్లారిపోతోంది. నేను అబద్ధాలాడే మనిషిని కాదు.

ఆవిడ వదిలి వెళ్లినవాటిలో ఆకుపచ్చ అట్ట ఉన్న స్కోరు పుస్తకం ఒకటి. మా ఊరినుంచి కారులో ఒక్క రోజులో వెళ్లగలిగిన దూరంలో చిన్న జట్ల బేస్‌బాల్ మైదానాలు పద్నాలుగున్నాయని ఆవిడే పటంలో చుక్కలు పెట్టింది. పదకొండు వేసవుల్లో పదమూడు చూశాం. ప్రతి మైదానానికీ పుస్తకంలో రెండు పుటలు. ఎవరు కొట్టారు, ఎవరు పట్టారు, ఎవరు ఎక్కడ ఔటయ్యారు, అంతా గడుల్లో పెన్సిలుతో. ఆ పదమూడు ఆటల్లోనూ నేను ఆవిడ పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దాను. జనం అరిచినప్పుడు తలెత్తేవాణ్ణి. అప్పటికి అరవాల్సింది అయిపోయి ఉండేది. "ఈ దేశంలో బేస్‌బాల్‌కి వచ్చి పిల్లల మార్కులు కోసే మనిషివి నువ్వొక్కడివే" అనేది.

పద్నాలుగో ఆటకి పుట పైన ఊరి పేరు తనే రాసి ఉంచింది: బ్రెన్నర్ ఫాల్స్. తేదీ ఖాళీగా ఉంది. ఆ పుట తప్పుల్లేకుండా నింపి పుస్తకం మూసేస్తే ఆవిడ మొదలుపెట్టిన పని ఒకటైనా నావల్ల పూర్తయినట్టవుతుంది. నేను కోరుకున్నది అంతే. జూన్ రాగానే గ్రంథాలయం నుంచి స్కోరు రాసే పద్ధతుల పుస్తకం తెచ్చుకుని, టీవీలో ఆటలు చూస్తూ రెండు వారాలు సాధన చేశాను. రోజుకి రెండు రబ్బర్లు అరగదీశాను.

ఐదు గంటల దారి నాకు ఏడు గంటలు పట్టింది. పటం చదివేది ఆవిడ. నేను నలభై మైళ్లు పందుల సంత వైపు పోయి, అక్కడ దారి అడిగి, సిగ్గుపడి వెనక్కి తిరిగాను. అదృష్టవశాత్తూ ఆట మధ్యాహ్నం. వేసవి శిబిరాల పిల్లల్ని బస్సుల్లో తోలుకొచ్చే రోజు అది. సెలవుల్లో పిల్లల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, ఆరు వందల మంది పిల్లల మధ్యకి వెళ్లి కూర్చున్నాను.

నా సీటు మూడో బేస్ వైపు, నాలుగో వరస. సొంత జట్టు మస్క్‌రాట్స్ ఆటగాళ్లు కూర్చునే బల్ల అక్కణ్ణించి బాగా కనబడుతుంది. పక్క సీట్లో ఎనభై ఏళ్లావిడ, మోకాళ్ల మీద దుప్పటి, దుప్పటి మీద స్కోరు పుస్తకం. పేరు డొరీన్ ప్రుస్కా అని తనే చెప్పింది. వెనక సీట్లో జట్టు టోపీ పెట్టుకున్న లావుపాటి పెద్దాయన. ఆయన పేరు క్లీట్ అని కూడా ఆవిడే చెప్పింది, ఆయన వద్దంటున్నా.

డొరీన్ నా పుస్తకం కేసి చూసింది. "మంచి రాత. నీది కాదుగా?"

"మా ఆవిడది."

"ఏదీ, రాలేదా?"

"రాలేకపోయింది."

"కాళ్లా, కీళ్లా?"

"అలాంటిదే."

"ఈసారి తీసుకురా. నా దగ్గర మెత్త ఇంకోటుంది. ఈ బెంచీల మీద కూర్చోడానికి ఇరవై ఏళ్లలోపు పిర్రలుండాలి."

"తీసుకొస్తాను" అన్నాను.

అబద్ధాలాడే మనిషిని కానని పైన ఒకచోట రాశాను. దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.

ఆట మొదలైంది. బంతి విసిరే కుర్రాడు కోర్డొవా, ఎడమచేతివాటం, పొడుగ్గా సన్నగా మా బడిలో జెండా కర్రలా ఉన్నాడు. నా పెన్సిలు కదలడం మొదలుపెట్టింది. ఆటకి తొమ్మిది ఇన్నింగ్సులు, ఒక్కోదాంట్లో ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో ముగ్గురు, రెండోదాంట్లో ముగ్గురు ఔట్. మూడోదాంట్లో ఒకణ్ణి విసరడంలో తప్పి ఊరికే మొదటి బేస్‌కి పంపాడు గానీ, బంతి కొట్టి అక్కడికి చేరినవాడు, అంటే హిట్ సాధించినవాడు, ఒక్కడూ లేడు. నా గడులు ముత్యాల్లా ఉన్నాయి. మార్విస్ చూస్తే ఏమనేదో అని ఒకసారి అనుకుని, అనుకోవడం ఆపి, తర్వాతి గడి నింపాను.

ఐదో ఇన్నింగ్స్‌నుంచి మా చుట్టూ మాటలు తగ్గాయి. అంతదాకా అంపైర్ పూర్వీకులందరినీ పేరుపేరునా పలకరించిన క్లీట్ నోరు మూసుకున్నాడు. డొరీన్ దుప్పటి జారిపోతున్నా సర్దుకోలేదు.

"నీళ్లేమైనా తెచ్చిపెట్టనా?" అని అడిగాను.

"కదలకు" అంది పళ్ల మధ్యనుంచి.

"మీకు ఒంట్లో..."

"నాకేం కాలేదు. కూర్చో. అలాగే కూర్చో. కాలు మీద కాలు ఉందిగా, తియ్యకు."

ముసలితనంలో మనుషులకి చాదస్తం వస్తుందనుకుని కాలు అలాగే ఉంచాను. తిమ్మిరెక్కింది.

ఆరో ఇన్నింగ్స్‌లో సొంత జట్టు కొట్టే వంతు రాగానే చూశాను. మస్క్‌రాట్స్ బల్ల మీద ఒక చివర కోర్డొవా ఒక్కడే కూర్చున్నాడు. మిగతావాళ్లంతా రెండో చివర ఒకరి మీద ఒకరు పడుతూ ఇరుక్కుని కూర్చున్నారు. అతనికీ వాళ్లకీ మధ్య పది మంది పట్టేంత ఖాళీ. ఒక కుర్రాడు నీళ్లకని లేచి, అతని ముందునుంచి పోవాల్సివచ్చి, తల తిప్పుకుని చుట్టుతిరిగి పోయాడు.

నేను ఆరో తరగతి టీచర్ని. భోజనాల బల్ల దగ్గర ఇలాంటి ఖాళీని మైలు దూరంనుంచి పసిగట్టగలను. దీనిమీద ప్రభుత్వంవారి శిక్షణకి మూడుసార్లు వెళ్లొచ్చాను, సర్టిఫికెట్లున్నాయి. ఇంత బాగా ఆడుతున్న పిల్లవాణ్ణి అసూయతో అందరూ కలిసి వెలివేశారు. వాళ్ల కోచ్ చూసి కూడా చూడనట్టు పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. నా రక్తం మరిగింది. మూడు నెలల్లో నాకు ఏదైనా అంత స్పష్టంగా అనిపించడం అదే మొదలు.

ఏడో ఇన్నింగ్స్‌కి కోర్డొవా మైదానంలోకి నడుస్తూ మా ముందునుంచే వెళ్లాడు. నేను లేచి నిలబడ్డాను. తిమ్మిరి కాలు కాబట్టి డొరీన్ భుజం పట్టుకుని నిలబడ్డాను. బడి ఆవరణ అవతలికి వినబడే గొంతు ఉంది నాకు.

"బాబూ! కోర్డొవా! వాళ్లు నీ పక్కన కూర్చోకపోతే పోనీ! ఇప్పటిదాకా నువ్వొక్క హిట్ కూడా ఇవ్వలేదు! ఒక్కటంటే ఒక్కటి! నేను రాసి పెట్టాను!"

ఋజువుగా పుస్తకం పైకెత్తి చూపించాను కూడా.

మైదానం మొత్తం చర్చిలా అయిపోయింది. కోర్డొవా ఆగి నన్ను చూశాడు. నా తరగతిలో ముందు చెప్పకుండా పరీక్ష పెట్టినప్పుడు కూడా ఎవరూ నన్ను అలా చూడలేదు. డొరీన్ తన పుస్తకం మెల్లగా మూసేసింది. వెనకనుంచి క్లీట్ గొంతు వినబడింది, ఏడుపు కలగలిసి:

"అన్నాడు. అనేశాడు. ఒరేయ్ దేవుడా, అనేశాడు."

అతను విసిరిన మొదటి బంతి. అవతలి జట్టు బక్కవాడు దాన్ని సరిగ్గా కొట్టను కూడా లేదు. బ్యాటు అంచుకి తగిలి గాల్లోకి లేచి, ఇద్దరు ఆటగాళ్ల మధ్య, ఎవరికీ అందకుండా, గడ్డిలో పిట్టలా వాలింది. వాడు మొదటి బేస్‌లో నిలబడ్డాడు. శుభ్రమైన హిట్.

నాలుగు వరసలు వెనక్కి, నాలుగు వరసలు పక్కకి, అందరూ నావైపు తిరిగారు.

"చాలా సంతోషం మాస్టారూ!" అన్నాడు క్లీట్. "నలభై రెండేళ్లుగా వస్తున్నా. ఈ మైదానంలో అవతలివాడికి ఒక్క హిట్ కూడా లేని ఆట చూడలేదు. రెండు గంటలుగా ఒంటికి పోవాల్సింది ఉగ్గబట్టుకుని కూర్చున్నా. దేనికోసమనుకున్నావ్, ఆరోగ్యం కోసమా?"

"ఆ కుర్రాడు ఒంటరిగా..."

"ఒంటరిగానే ఉంచాలయ్యా! మాట్లాడకూడదు! పక్కన కూర్చోకూడదు! జరుగుతున్నప్పుడు ఆ మాట అనకూడదు! ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు!"

తెలుసన్నట్టు ముందు వరసలో శిబిరం పిల్లలు తలలూపారు. ఒకమ్మాయి, తొమ్మిదేళ్లుంటాయి, "మా తమ్ముడికి కూడా తెలుసు, వాడికి మాటలే రావు" అంది.

కోర్డొవా తర్వాత వరసగా ముగ్గుర్నీ ఔట్ చేశాడు. బల్ల దగ్గరికి వెళ్లాడో లేదో, అందరూ ఒక్కసారి అతని మీద పడ్డారు. వీపు చరిచారు, టోపీ లాగారు, గింజలు పోశారు, ఇటొకడూ అటొకడూ ఒరుసుకుని కూర్చున్నారు. పోయాక ఇక రావచ్చన్నమాట. మార్చి పన్నెండున మా ఇంటి గుమ్మంలో ఇరుగుపొరుగు వండి తెచ్చిన పద్దెనిమిది క్యాసరోల్ గిన్నెలు చేరాయి. తెచ్చినవాళ్లలో అంతకు ముందు నెలంతా మా వీధిలో కనబడినవాళ్లు ఇద్దరు. నేను వాళ్లని తప్పుపట్టడం లేదు. నేనైతే ఇంట్లోనే ఉండి కూడా...

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్లు విరుచుకుని పాట పాడతారు. అందరూ పాడుతున్నారు. నేను కూర్చునే ఉన్నాను. డొరీన్ కూడా లేవలేదు.

"మీ ఆవిడ ఇంత చక్కగా స్కోరు రాస్తుంది" అంది. "నీకు ఇది చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది. నేను పేపర్లు దిద్దుతుంటాను."

"ఇంటికెళ్లాక చెప్పు ఏం చేశావో. నవ్వి నవ్వి చస్తుంది."

పాట రెండో చరణంలోకి వచ్చింది. ఎవరూ నన్ను చూడటం లేదు.

"చచ్చిపోయింది" అన్నాను. "మార్చిలో. నన్ను ఒక మాట అనమంది, నేను అనలేదు. అనకపోతే జరగదనుకున్నాను. అంటే, అలా అనుకున్నానని ఇప్పుడే తెలిసింది."

డొరీన్ తన పుస్తకం పక్కన పెట్టింది.

"మరి కీళ్లన్నావు?"

"మీరే అన్నారు. నేను అలాంటిదే అన్నాను."

"హుఁ." పాట అయిపోయింది. జనం కూర్చున్నారు. ఆవిడ దుప్పటి సర్దుకుని సగం నా మోకాళ్ల మీదికి లాగింది. ఎండ మండిపోతోంది, నేను వద్దనలేదు. "అంటే అక్కడ అనాల్సింది ఇక్కడా, ఇక్కడ మూసుకోవాల్సింది అక్కడా. రెండుచోట్లా తిరగేశావు. ఏం టీచరువయ్యా నువ్వు?"

"భిన్నాలు బాగా చెబుతాను" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి క్లీట్‌తో ఏదో అంది. ఏమందో వినబడలేదు. కాసేపటికి వెనకనుంచి వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఒకటి నా భుజం మీదుగా వచ్చింది. "తిను. నోట్లో ఏదో ఒకటి ఉండటం అందరికీ మంచిది" అన్నాడు క్లీట్.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నేను పెన్సిలు పట్టుకుని గడివైపు చూస్తూ కూర్చున్నాను. మైదానంలో బంతి అటూ ఇటూ పోతోంది. ఎవరో పరిగెత్తారు, ఎవరో పడ్డారు. నాకు కళ్లు సరిగా ఆనలేదు. ఎండ మనకి ఎదురుగా ఉంటే అంతే. తొమ్మిదో ఇన్నింగ్స్ కూడా అలాగే గడిచింది. మస్క్‌రాట్స్ మూడు పరుగులతో నెగ్గారు. కోర్డొవా చివరిదాకా తనే విసిరాడు. అవతలి జట్టుకి మొత్తం ఆటలో ఒకే ఒక్క హిట్. దాన్ని కొట్టినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. కొట్టించినవాడి పేరు ఆ ఊళ్లో కొన్నాళ్లు చెప్పుకుంటారు.

జనం బయటికి కదులుతుంటే డొరీన్ నా పుట చూసింది.

"రెండు ఇన్నింగ్సులు ఖాళీ వదిలేశావేం? ఇదిగో, నాది చూసి రాసుకో. నిమిషం పని."

ఆవిడ పుస్తకం తెరిచి నా ఒళ్లో పెట్టింది. గడులన్నీ నిండుగా, చక్కగా ఉన్నాయి. ముప్పైయొక్క ఏళ్లుగా పక్కవాళ్లది చూసి రాసిన పిల్లలకి సున్నా వేస్తున్నాను. ఒకసారి ఒక పిల్ల వాళ్ల తాత పోయాడని ఏడుస్తున్నా వేశాను.

"వద్దండీ" అన్నాను.

"మొండి మనిషివి."

"మా ఆవిడా అనేది."

"పేరేమిటి ఆవిడది?"

"మార్విస్."

"మార్విస్" అని డొరీన్ ఒకసారి పైకి అని, కర్ర ఊతం చేసుకుని, క్లీట్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. క్లీట్ వెనక్కి తిరిగి, వచ్చే ఆటకి రాదలచుకుంటే నోటికి ప్లాస్టరు వేసుకుని రమ్మన్నాడు.

ఇది జరిగి ఆరు వారాలైంది. తేదీ వేశాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఆ హిట్ కూడా దాని గడిలో రాశాను. ఎనిమిది, తొమ్మిది ఇంకా రాయలేదు.