నెమలాకు మబ్బు

జమున రోజూ పొయ్యి ముట్టించకముందే తడిగుడ్డ పట్టుకొని మొక్క ముందు కూచునేది. ఆకు కింద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో కాడ నుంచి కొస దాకా తుడవాలి. ఎందుకంటే పలుచని ఆకు. అడ్డదిడ్డంగా రుద్దితే నలిగిపోతుంది, దుమ్ము వదిలేస్తే ఊపిరాడదు. పదిహేడు ఆకులు అయ్యేసరికి ఆమెకు నడుము పట్టేసేది.

డోర్నకల్ రైల్వే క్వార్టరు ఖాళీ చేసి కొడకండ్లకొచ్చిన పొరుగింటి రషీదా బేగం ఆ మొక్కను ఇచ్చింది.

"ఎండ తగలొద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. కాచి చల్లార్చినయి పొయ్యి. గాలిల తడి ఉంటె చాలు, బతుకుతది. నా కంటె దానికే నాజూకెక్కువ బేటీ" అని అప్పజెప్పింది.

నేతగాళ్ల ఇంట్లో తడి గాలి ఉండేది మగ్గం గుంట దగ్గరే. నేలలోకి తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తారు; ఆ చెమ్మకు పోగు తెగదు. అందుకే జమున పళ్లెంలో గులకరాళ్లు పరిచి, నీళ్లు పోసి, పైన కుండీ పెట్టి మగ్గం పక్కన ఉంచింది. ఆకుల మీద నెమలి ఈకల్లాంటి గీతలు చూసి అత్త గట్టమ్మ దాన్ని నెమలాకు అన్నది.

వారం తిరిగేసరికి, రోజూ నాలుగు గంటలకు దాని మీద చాటంత మబ్బు పట్టసాగింది. పావుగంట సన్నని తుంపర పడి, మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు పోగులన్నీ మెత్తబడేవి. ఆ వేళకు గట్టమ్మ ముక్కుపొడి డబ్బాను తడవకుండా బొడ్లో దోపుకునేది. వాడకట్టు వాళ్లు చెమటకాయలు లేచిన పసిపిల్లల్ని తెచ్చి కాసేపు మబ్బు కింద కూచోబెట్టుకొని పోయేవాళ్లు.

జమున పెనిమిటి తిరుపతి ఏడేండ్లు భీవండి మిల్లుల్లో దూది దుమ్ము పీల్చి, రొమ్ము పాడుచేసుకొని తిరిగొచ్చాడు. మళ్లీ ఆ దుమ్ములోకి పోతే మనిషి దక్కడని దవాఖానలో చెప్పారు. కానీ ఆ ఏడు వానకాలంలోనూ వదలని ఎండలకు పోగులు తెగి, నేత సాగలేదు. "ఈ పడుగు దిగకుంటె మళ్ల భీవండే" అన్నాడు తిరుపతి. మబ్బు వచ్చాక రోజుకు రెండు మూరల బట్ట ఎక్కువే దిగుతోంది.

అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు. రోడ్డు మీద వంటావార్పు అంటే వాడకట్టు ఆడవాళ్లంతా పోయారు. జమున మూడు వందల మందికి అన్నం వార్చి, భుజాలు పడిపోయి ఇంటికొచ్చింది. మొక్కకు నీళ్లు పొయ్యాలని గుర్తొచ్చి, కండ్లు మూతలు పడుతుంటే చేతికందిన చెంబు ఒంపేసింది. అందులో ఉన్నది పడుగుకు పెట్టేందుకు పలుచగా కలిపి చల్లార్చిన గంజి.

తెల్లారేసరికి ఆకులు గంజి పెట్టిన బట్టలా బిర్రబిగుసుకున్నాయి. నాలుగైనా మబ్బు రాలేదు.

"ఆకులకు గంజి పెట్టినవా? ఇస్త్రీ గూడ చెయ్యకపోయినవా!" అని రషీదా బేగం నెత్తి కొట్టుకుంది. ఆ మాట అంటూనే కొంగు బిగించి, మొక్క వేళ్లు కడిగి, మట్టి మార్చింది. "ఇగ నువ్వు రోజు తుడుసుడే."

జమున పూటకోసారి తుడిచింది. మబ్బు మాత్రం రాలేదు. పేక నూలు మోసుకుపోయే నాడె విసిరితే చాలు, పడుగు పోగు తెగేది. అతకడానికే పొద్దు గూకేది.

"నా వల్లనే" అంది జమున.

"నువ్వేం జేస్తవే, ఎండలట్లున్నయి" అన్నాడు తిరుపతి. మూడు రోజుల రైలు రోకో అయిపోగానే సంచి సర్దాడు.

"జనగామల బండెక్కుత. అవ్వా, పోయొస్త."

"రొమ్ము సంగతి మరిచినవా కొడుకా?" అంది గట్టమ్మ.

"నేను మరిస్తె అది నన్ను మరుస్తదా? ఈడ ఏం తిని బతుకుదాం?"

జమున వాకిట్లోకి రాలేదు. వద్దని చెప్పి చెప్పి గొంతు పోయింది. మొక్క ముందు కూచొని తుడుస్తూనే ఉంది. పదకొండో ఆకు చేతిలో మెత్తగా వంగింది. ఆ వెనకే మిగతావీ వంగాయి. నాలుగు కాకముందే మబ్బు లేచింది. అయితే పడుగు మీద ఆగలేదు. ఆమె తల మీదుగా గడప దాటి రోడ్డు పట్టింది. వెనక్కి పిలిచే ఓపిక కూడా ఆమెకు లేదు.

గంట తర్వాత తిరుపతి వచ్చాడు. నెత్తి మీద మబ్బు, ఒళ్లంతా నీళ్లు, చంకలో సంచి.

"ఏమాయెరా?" అంది గట్టమ్మ.

"వాల్యా ఆటో ఎక్కిన. ఊరు దాటకముందే ఇది వచ్చి నా మీదనే కురువవట్టె. 'అందరు తడుస్తున్నరు, జర దిగు తిర్పతన్నా' అన్నడు. ఎనక ఇంకో ఆటో వస్తె ఎక్కిన. వాడూ దించిండు. రైల్ల మాత్రం ఎవడు కూసోనిస్తడు?"

"తల తుడుసుకో" అంది గట్టమ్మ.

తుడుచుకోలేదు. మబ్బు నెత్తి మీద ఉండగానే గుంటలోకి దిగాడు. తుంపరకు పడుగు నల్లబడి మెత్తబడింది. తెగిన రెండు పోగులు అతికి, నాడె విసిరాడు. తెగలేదు. మళ్లీ విసిరాడు.

జమున సంచిలోంచి అతని అంగీలు తీసి దండెం మీద ఆరేసింది. బియ్యం కడగాలి, పొయ్యి ముట్టించాలి. గోడకు ఒక్క క్షణం ఒరిగింది, అట్లాగే కిందికి జారి, చెయ్యి తల కింద పెట్టుకొని, పొద్దుండగానే నిద్రపోయింది. మగ్గం ఆడుతూనే ఉంది. గట్టమ్మ ముక్కుపొడి డబ్బా పక్కన పెట్టి, చప్పుడు కాకుండా బియ్యం చాట ముందుకు జరుపుకుంది.