కొస పట్టుకున్న మనిషి

డెల్బర్ట్ ష్రాగ్‌కు అబద్ధమాడటం చేతకాదు. నిజంలో సగం నోట్లోనే దాచుకోవడం మాత్రం బాగా వచ్చు. అమెరికాలోని కాన్సస్ గోధుమ పొలాల మధ్య ఉన్న వాళ్ళ ఊళ్ళో పరువుగా బతకడానికి ఆ మాత్రం తెలివి చాలు. అరవయ్యో పడి దగ్గర పడేదాకా అతనూ అలాగే బతికేశాడు.

అతని పిచ్చి పాత కార్లు. పంతొమ్మిది వందల ముప్పై రెండు నాటి ఫోర్డు డొక్కు ఒకటి ఎవరి కొట్టం వెనకో పడి ఉంటే ఈడ్చుకొచ్చి, షెడ్డులో పెట్టి, పెద్ద ఇంజను ఎక్కించి, హాట్ రాడ్ అనే పరుగుల బండి కట్టడం మొదలుపెట్టాడు. ఇంజను పని అతనికి కొట్టిన పిండి. చిక్కల్లా బాడీతో వచ్చింది. వెనక సగం తుప్పు తినేసింది. అతను తిరిగే పాత కార్ల క్లబ్బు వాళ్ళలో తయారుగా దొరికే ప్లాస్టిక్ బాడీ తగిలించుకోవడమంటే తలవంపులు. రేకు కొనుక్కుని, సుత్తితో కొట్టి, రేకును వంచే ఇనప చక్రాల మధ్య నడిపి, ఎవరి వంపులు వాళ్ళే తీసుకోవాలి. వంకరలు పుట్టీతో కప్పేవాణ్ణి ఎవరూ తిట్టరు. గోడలకు పూత పూసేవాణ్ణి పిలిచినట్టు 'ఏం మేస్త్రీ' అని పిలుస్తారు, అంతే. ఆ పిలుపు చచ్చేదాకా వదలదు.

మొదటి చలికాలమంతా అతను ఒక్కడే కొట్టాడు. ఒకచోట నొక్కితే ఇంకోచోట టప్పుమని ఉబికేది. నూనెలో వేసిన అప్పడాల్లా లేచిన రేకులు షెడ్డు మూల గుట్టపడ్డాయి. ఒక సాయంత్రం భోజనానికి పిలవడానికి వచ్చిన భార్య నెవా గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. ముందుగదిలో పెళ్ళి గౌన్లు కుట్టి సగం సంసారం నడిపిన మనిషి ఆమె.

"భుజం దగ్గర గుడ్డ ఎక్కువైతే నేను దాన్ని సుత్తితో కొడతానా డెల్?" అంది.

"ఇది గుడ్డ కాదు, ఉక్కు."

"ఏదైతేనేం, వంపు వంపేగా."

సరుకుల సంచీ కాగితం చింపి, కారు వంపుకు సరిగ్గా అతను చేసుకున్న కొయ్య మూస మీద పరిచి అదిమింది. కాగితం ముడతలు పడ్డచోట సున్నాలు చుట్టింది. చాలక చీలినచోట గీతలు గీసింది. "ఈ ముడతలున్నచోట రేకును కుదించాలి. చీలినచోట సాగదియ్యాలి. నువ్వు అన్నిచోట్లా సాగదీసి కూర్చున్నావు," అంది. ఆ పూట ఓవెన్లో మాంసం మాడిపోయింది.

ఆ తరవాత రెండేళ్ళపాటు సాయంత్రాలు ఇద్దరూ షెడ్డులోనే గడిపారు. ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు చక్రాల మధ్య పెద్ద రేకును పెట్టి ముందుకీ వెనక్కీ తొయ్యాలంటే రెండు కొసల్లో ఇద్దరుండాలి. ఒకళ్ళు నడిపించాలి, రెండోవాళ్ళు ఆ నడకకు లొంగాలి. వాళ్ళింట్లో నడిపించింది నెవా. చేతికి పల్చటి నూలు తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, రేకు మీద అరచెయ్యి పోనిచ్చి "ఇక్కడ ఎత్తుంది" అనేది. అతను అక్కడ కొట్టేవాడు. చేతికి ఏమీ తగలకుండా పోయేదాకా ఆమె ఒప్పుకునేది కాదు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత సంతోషంగా లేడతను. అంత సంతోషం ఇచ్చిన మనిషి పేరు బయట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అదీ అయ్యగారి నిర్వాకం.

గురువారం పొద్దున్న క్లబ్బు వాళ్ళందరూ కాఫీ హోటల్లో కలుస్తారు. వెనక భాగం పూర్తయిన వారం డెల్బర్ట్ ఫోటోలు పట్టుకెళ్ళాడు. తనూ ఒక హాట్ రాడ్ కడుతూ పుట్టీ దగ్గర ఆగిపోయిన రస్టీ ఆ ఫోటోలు రెండుసార్లు తిరగేశాడు.

"ఎవరిచేత చేయించావు గురూ? నిజం చెప్పు."

"చేయించడమేమిటి? నా షెడ్డులో, ఈ చేతుల్తో చేసుకున్నా."

"ఒక్కడివేనా?"

డెల్బర్ట్ చెర్రీ పళ్ళ తీపి రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పెళ్ళాం చెప్పినచోట సుత్తి వేశానని ఆ బల్ల దగ్గర ఒప్పుకుంటే ఎలా ఏడిపిస్తారో అతనికి తెలుసు. నమిలి మింగాడు. "ఒక్కణ్ణే," అన్నాడు.

కారు కింద దూరితేగాని కనపడనిచోట, లోపలివైపు, రేకు మలిచినవాడు తన పేరు అచ్చు గుద్దుకోవడం వాళ్ళ ఆనవాయితీ. నెవా చర్చిలో వంటకు వెళ్ళిన రోజు చూసి డెల్బర్ట్ ఆ అచ్చు గుద్దాడు. 'డి. ష్రాగ్'. ఇద్దరి ఇంటిపేరూ ష్రాగే కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు నూనె తుడుస్తూ ఆమె చూసింది.

"అక్షరాలు వంకరపోకుండా పడ్డాయి," అంది. మళ్ళీ గుడ్డ తీసుకుని తుడవసాగింది. చెంప పగలగొట్టినా అతనికి అంత సిగ్గు వేసేది కాదు.

జూన్‌లో సంత మైదానంలో కార్ల ప్రదర్శన జరిగింది. రంగు వెయ్యకుండా, తుప్పు పట్టకుండా నూనె మాత్రం రాసి, ఒట్టి రేకుతోనే కారు తీసుకెళ్ళాడు. పుట్టీ ఉంటే చూపించండి అని సవాలన్నమాట. క్లబ్బు పెద్ద వెర్న్ గారు, ఎనభై దాటిన మనిషి, వద్దంటున్నా వినకుండా కారు కింద దూరాడు. ఇద్దరు కాళ్ళు పట్టి లాగితేగాని బయటికి రాలేదు.

"అచ్చు చూశాను. దాని చుట్టూ ఉన్న పనీ చూశాను," అన్నాడు ఆయన మైకు అందుకుని. "ఒరేయ్ డెల్బర్ట్, వేదిక మీద మన చక్రాలున్నాయి. ఒక రేకు తిప్పి ఈ జనానికి చూపించరా. రస్టీ రెండో కొస పట్టుకుంటాడు."

తప్పించుకునే దారి లేదు. రేకు చక్రాల మధ్యకు వెళ్ళింది. రస్టీ పాపం లొంగడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇటువైపు నడిపించేవాడే లేడు. ఎప్పుడు తిప్పాలో, ఎంత ఒరగాలో డెల్బర్ట్ చేతులకు ఎప్పుడూ అవతలి కొస నుంచే తెలిసేది. నాలుగుసార్లు తోసేసరికే రేకు దారి తప్పింది, అంచు అలలు తేలింది. "ఎండకు కంగారు పడ్డాడు," అన్నాడు వెర్న్ గారు.

నెవా ముందు వరసలో మడత కుర్చీలో నిమ్మరసం తాగుతోంది. ఆమె లేవకూడదని, లేవాలని, రెండూ ఒకేసారి మొక్కుకున్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది.

"తప్పుకో నాయనా," అంది రస్టీతో. మొగుడికి మాత్రమే వినపడేలా, "నన్ను చూడకు. రేకు చూడు," అంది.

అంతే, రేకు మళ్ళీ దారిలో పడింది. అలలు ఒక్కటొక్కటే అణిగి వంపు లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అందరూ చూస్తున్నది డెల్బర్ట్‌నే.

"చూశారా, మొగుడి చెయ్యి తెలిసిన మనిషి కొస పట్టుకుంటే పని ఎలా సాగుతుందో," అన్నాడు వెర్న్ గారు.

"కొస పట్టుకోవడానికేముంది వెర్న్ గారూ," అంది నెవా నవ్వుతూ.

ఆ మాటతో డెల్బర్ట్ కుంగిపోయాడు. తన అబద్ధాన్ని ఆమె మొయ్యాల్సి వచ్చింది. అందరి ముందూ, నవ్వుతూ, తన కోసం. వెర్న్ గారి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఆ కారు నేను చెయ్యలేదు. నెవా చేసింది. కొలత ఆమెది, వంపు ఆమెది. ఆమె చెప్పినచోట నేను కొట్టాను, అంతే."

మైదానమంతా గొల్లున నవ్వింది.

"పెళ్ళాం చెప్పినచోట కొట్టనివాడెవడు గురూ ఇక్కడ?" అని రస్టీ కేకేశాడు. ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"నిజం చెప్తున్నా," అన్నాడు డెల్బర్ట్. "ఒట్టు."

ఆ ఒట్టు విని ఇంకా మురిసిపోయారు. "నేర్చుకోండర్రా, పదిమందిలో పెళ్ళాన్ని ఎలా గౌరవించాలో," అని వెర్న్ గారు అతని భుజం తట్టాడు.

నెవా అతని మోచెయ్యి పట్టుకుంది. "చాల్లే డెల్, దిగు."

"వీళ్ళు నమ్మడం లేదు."

"ఎలా నమ్ముతారు? నువ్వు మొదట చెప్పింది నమ్మేశారుగా."

మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. అంత మంచిపని చేసి కూడా పేరు నీకే ఇచ్చాడు, అలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం అన్నారు. నెవా అవునవునంటూ తలూపింది. డెల్బర్ట్ ఆమె పక్కనే నిలబడి, అదంతా విని, తల దించుకున్నాడు.