పక్క ఊరిది

గిల్సూ రాయిని ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూశాడు. నల్లరాయి, ఒళ్ళంతా బెజ్జాలు. సుత్తితో ఒక మూల చెక్కి, కూలిన గోడలో ఇరికించాడు. సున్నం లేదు, మట్టి లేదు. జేజూ దీవిలో గోడకి సందులుండాలి. సందు లేని గోడని సముద్రపు గాలి బతకనివ్వదు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. బొటనవేలి గోరు ఎప్పుడో నల్లబడి అలాగే ఉండిపోయింది. పొద్దుటినుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వినేవాళ్ళు లేరు. వీధిలోవాళ్ళకి చెప్పుకునే అలవాటు లేదు.

ఆ గోడ చుట్టిన నారింజతోట చున్‌జాది. తడి రబ్బరు దుస్తులు భుజాన వేసుకుని, సముద్రంలో మునిగి ఏరిన గుల్లల సంచితో ఇంటికి వస్తూ గోడ దగ్గర ఆగింది.

"ఏం మామా, యూనివర్సిటీ పిల్ల వస్తోందంటగా ఇవాళ? దానికైతే గంటలకొద్దీ కబుర్లు. మాతో రెండు ముక్కలంటే నీకు నోరు నొప్పి."

"నీ వాగుడికే ఈ గోడ పడింది. తప్పుకో."

"పళ్ళూడినా కరవడం మానవు కదా!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

హెరిమ్ మధ్యాహ్నం వచ్చింది. ఊరూరా తిరిగి ముసలివాళ్ళ యాస రికార్డు చేసుకునే పిల్ల. పదేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు గిల్సూ భార్య మల్సూన్ బతికే ఉంది. ఇప్పుడా పని అయిపోయింది. సెలవు తీసుకోవడానికి వచ్చానంటూ తీపి పెట్టె ఒకటి ముందు పెట్టింది. గిల్సూ దానివైపు చూడలేదు.

"ఆ మొదటిరోజుది వినిపించు."

దీనికోసమే కాచుకుని ఉన్నాడు. మల్సూన్ ఫోటోలు ఇంట్లో ఉన్నాయి. గొంతు ఆ రికార్డులో తప్ప మరెక్కడా లేదు.

హెరిమ్ అరచేతిలో పట్టే ప్లేయర్ నొక్కింది. గిల్సూ గొంతు మోగింది. నాగలి, కాడి, బార్లీ కోత. ఆగింది, మళ్ళీ అందుకుంది. ఆగినచోటల్లా అతను మెడ చాచాడు. ఆ రోజు అక్కడ మల్సూన్ అడ్డొచ్చింది. కాడి పేరు తప్పు చెప్పావని తగువు పెట్టుకుంది. అతనికి బాగా గుర్తుంది. ఇప్పుడు అక్కడేమీ లేదు.

"దాని మాటలేవీ?"

"అమ్మమ్మగారివి తీసేశాం తాతగారూ. ఆవిడ పుట్టింది పక్క ఊళ్ళో కదా. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళ మాటలే ఉంచాలి. అది మా పద్ధతి."

"యాభై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగింది."

హెరిమ్ ఏదో అనబోయింది. ఈలోగా ప్లేయర్లోంచి గిల్సూ గొంతే కసురుకుంది: "అది పక్క ఊరిది. దాని మాట లెక్కలోకి తీసుకోకు."

అతనివి కాబట్టి ఆ మాటలు ఉంచారు.

"తీసినవి ఎక్కడున్నాయి?"

"దాచలేదండీ." ఆ పిల్ల తల దించుకుంది. గిల్సూ ఆమె మీద జాలిపడలేదు. తన మీదా పడలేదు.

అప్పుడు వినబడింది. అతని గొంతు అడుగున, మెల్లగా. టక్, టక్, టక్. చెక్క మీద కత్తి. మల్సూన్ ముల్లంగి తరుగుతోంది. మాట కాదు కాబట్టి దాన్నెవరూ తీయలేదు. ఆమెకి కోపమొస్తే నోటికంటే ముందు కత్తి జోరందుకునేది. ఇప్పుడూ జోరుగానే నడుస్తోంది.

"దీన్ని ఇవాళ్టికి వదిలెయ్."

"సరే తాతగారూ. రేపు పొద్దున విమానానికి వెళుతూ తీసుకుంటాను."

ఆమె వెళ్ళాక గిల్సూ గోడ దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. వంటింట్లో మేకుకి వేలాడుతున్న కూరలు తరిగే చెక్క దించాడు. మల్సూన్ పోయాక దాన్ని ముట్టుకున్నది లేదు. దుమ్ము కడిగాడు. కత్తి తీశాడు. పెరట్లోంచి ముల్లంగి ఒకటి పీక్కొచ్చాడు. నేలమీద కూర్చుని ప్లేయర్ నొక్కాడు. ఆమె తరుగుతుంటే తనూ తరిగాడు. వెనకబడ్డాడు. వెనక్కి తిప్పి మొదలుపెట్టాడు. మళ్ళీ వెనకబడ్డాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా ఆపలేదు.

పొద్దున్నే చున్‌జా వీధిలోంచే కేకలేసింది. "మామా, నా గోడ సగంలో వదిలేసి పడుకున్నావా? గాలి వచ్చి అడిగితే నీ పేరు చెప్తా!"

తలుపు తోసింది. గిల్సూ వంటింటి గోడకి ఆనుకుని, గడ్డం గుండెకి ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది.

హెరిమ్ వచ్చేసరికి వాకిలి నిండా జనం. ప్లేయర్లో ఛార్జి అయిపోయింది. అది ఒకరి చేతిలోంచి ఒకరికి మారి ఆమె దగ్గరికి చేరింది. వంటింట్లో దేనినీ ఇంకా ఎవరూ కదపలేదు. చెక్క మీద సగం ముల్లంగి ఉంది. కత్తి అందులో దిగి ఉంది. పక్కన పడిన ముక్కలు మొదట్లో లావుగా, వంకరగా ఉన్నాయి. పోనుపోను పలచబడ్డాయి.