ఉయ్యాలల దూలం

నేను ఒక టేకు దూలాన్ని. పల్నాటిలో ఒక చిన్న ఊరి మరియమాత గుడిలో, ఎడమ గోడ నుంచి కుడి గోడ దాకా అడ్డంగా ఉంటాను. ఇప్పుడు నా ఒళ్ళు మూడొంతులు తెగిపోయి ఉంది. మిగిలిన నాలుగు వేళ్ళ మందం మీద గుడి ఆగి ఉంది కాబట్టి నా కథ కాస్త గబగబా చెప్పాలి.

ఈ గుడి కట్టించింది ఎప్పుడో సముద్రం దాటి వచ్చిన ఒక పాదిరీ. వచ్చీ రాని తెలుగులో బతిమాలుతూ పని చేయించుకునేవాడు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి బారెడు మందాన రాతి గోడలు లేపారు. ద్వారాలకు కమానులు తిప్పారు. పైన రెండు వైపులా వాలుగా పెంకుల కప్పు వేశారు. ఆ కప్పు బరువుకు గోడలు బయటికి ఒరిగిపోవాలని చూస్తుంటాయి. అలిగి వెళ్ళిపోతున్న అన్నదమ్ముల్ని చెరో చెయ్యీ పట్టుకుని ఆపినట్టు వాటిని లోపలికి లాగి పట్టుకోవడమే నా పని. ఆ సంగతి తెలిసిన పాదిరీ జ్వరంతో పోయాడు.

జనం నాకు వేరే పని అంటగట్టారు. పిల్లల కోసం మొక్కుకున్నవాళ్ళు నాకు గుడ్డ ఉయ్యాలలు కట్టేవారు. కాన్పయ్యాక బిడ్డను తెచ్చి ముడి విప్పుకునేవారు. తరాలు గడిచేసరికి నా పేరే ఉయ్యాలల దూలమైపోయింది. వాటి కోసమే నన్ను పెట్టారని ఊరంతా నమ్మింది.

ఈ ఏడు తిరునాళ్ళకు గుడిపెద్ద బాలశౌరి కొత్త తేరు చేయించాడు. గుడిలోనే అలంకరించి బయటికి తోయబోతే మాత కిరీటం నాకు తగిలింది.

"అడ్డమొచ్చింది తీసేస్తే సరి," అన్నాడు బాలశౌరి.

దాని మీద పెద్ద చర్చే జరిగింది. గుడి నిలుస్తుందా అని కాదు, ఉయ్యాలలు ఎక్కడ కట్టుకోవాలా అని! ఆవరణలో ఇనప పైపు పాతుదామనగానే అందరి మనసూ కుదుటపడింది, ఒక్క శౌరమ్మకు తప్ప. ఆమె బాలశౌరి భార్య. ఏడో నెల నడుస్తున్న కూతురి కోసం ఆమె కట్టిన ఉయ్యాల నా మీదే ఉంది.

"బిడ్డ పుట్టకుండా ముడి ఎట్టా ఇప్పుతారయ్యా?" అంది. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇవాళ పొద్దున వడ్రంగి ఇన్నాసి నిచ్చెనేసుకుని ఎక్కాడు. శౌరమ్మ జపమాల పట్టుకుని తన ఉయ్యాల కింద కూర్చుంది, లేవమన్నా లేవలేదు. ఎడమ గోడ దగ్గర రంపం దిగింది. సగం దాటాక అది దానంతటదే వదులైంది. కోత నోరు తెరుస్తోంది.

"పెద్దాయనా, చీలిక పెద్దదవతందే!"

"కానియ్‌రా, పొద్దెక్కుతంది."

ఇంకాస్త కోశాడు. గోడ సున్నం పెళ్ళగా ఊడి శౌరమ్మ ముందు పడింది. కప్పుకూ గోడకూ మధ్య సన్నగా ఎండ కనిపించింది.

"ఆపరా! ఆపు!" బాలశౌరి గొంతు పగిలేలా అరిచి, భార్యను రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

తేరు లాగే మోకుల్ని కిటికీల్లోంచి రెండు గోడల చుట్టూ తిప్పి, గడ్డపారతో మెలిపెట్టి బిగించారు. టౌను నుంచి ఇనప కమ్మీలు తెస్తామని కొందరు వెళ్ళారు. మిగిలినవాళ్ళు దూరంగా జరిగారు. బాలశౌరి మాత్రం ఎడమ గోడ బయట నిలబడి, రెండు అరచేతులూ ఆనించి లోపలికి నెడుతున్నాడు.

"ఇవతలికి రావయ్యా, మీద పడుద్ది!" అని అరిచింది శౌరమ్మ.

"కోయించింది నేనే శౌరీ. నేనెట్టా వస్తా?"

ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత చుట్టూ తిరిగి కుడి గోడ బయటికి పోయి, తనూ చేతులు ఆనించింది.

ఇద్దరూ నెడుతున్న సంగతి గోడల గుండా నాకు తెలుస్తోంది. ఆ బలం ఏ మూలకూ చాలదు. నేను వదిలితే గోడలు పడేది వాళ్ళ మీదే. ఇనుము ఇంకా రాలేదు. నాకు చాలా భయంగా ఉంది. వాళ్ళు చేతులు తీసేదాకా మాత్రం నేను వదలను.