పసుపు చుక్క లేని పెట్టె

నేను ఒక అట్టపెట్టెను. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పాత దినపత్రికలు, పిల్లలు రాసి పారేసిన పరీక్ష కాగితాలు, ఎవరిదో ఆగిపోయిన పెళ్ళికి మిగిలిన శుభలేఖల కట్ట, అన్నీ గుజ్జయి రాజమండ్రి దగ్గర ఒక మిల్లులో నేనయ్యాను. నా మూత మీద ‘వీరవేణి పూతరేకులు, ఆత్రేయపురం’ అని ఎర్ర సిరాతో అచ్చు వేశారు. దాని కింద చిన్న అక్షరాలతో ‘ఎండ తగలనీయరాదు’ అని. ఇలాంటివి రాయడంలో చూపే శ్రద్ధ మనుషులు చదవడంలో చూపరని నాకు తర్వాత తెలిసింది.

వీరవేణి ఆ రేకులు చేసే ఇంటి పెద్దకోడలు. బోర్లించిన కుండ మీద రేకు తీయడంలో ముప్పై ఏళ్ళ చెయ్యి ఆమెది. సుభాషిణి ఆమె తోటికోడలు. ఆర్డర్లు చూసేది, పెట్టెలు కట్టేది, ఫోనులో కొనేవాళ్ళతో మాట్లాడేది సుభాషిణే. ఇద్దరి సంసారాలూ ఆ రేకుల మీదే నడుస్తున్నాయి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రేకు విరగకుండా ముందు తడిగుడ్డతో అద్ది మెత్తబరుస్తారు. అప్పుడు నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి చుట్టలా మడత పెడతారు. ఆ తడి పూర్తిగా ఆరేదాకా చుట్టలు పళ్ళేల్లోనే ఉండాలి. సాయంత్రం వీరవేణి వచ్చి ఒక్కో చుట్టనూ వేలితో నొక్కి చూస్తుంది. సరేననుకుంటే పెట్టెలో సర్దించి, మూత మూల పసుపు చుక్క పెడుతుంది. చుక్క లేని పెట్టె గడప దాటకూడదు. నేను దాటాను.

రోహిణి కార్తె నడుస్తోంది. వీరవేణి చుట్టాలింట్లో గృహప్రవేశానికి రావులపాలెం వెళ్ళింది. సాయంత్రం రావలసిన కొరియర్ బండి మధ్యాహ్నమే వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. గోదావరిఖని నుంచి స్వరూప అనే పంతులమ్మ పెట్టిన ఆర్డరు ఆ రోజే వెళ్ళాలి. వాళ్ళ బడిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆయమ్మ నెలాఖరున రిటైరవుతోందని, ఆమెది ఆత్రేయపురం వైపేనని, చిన్నప్పుడు తిన్న పూతరేకులు మళ్ళీ తినలేదంటుందని స్వరూప ఆర్డరుతోపాటు రాసింది. సుభాషిణి పళ్ళెంలోని చుట్టను నొక్కి చూసింది. వేలికి తడి తగిలింది. ఒక్క నిమిషం ఆగింది, ఆ తర్వాత గబగబా నాలో సర్దేసి టేపు వేసింది. పసుపు గిన్నె వైపు చూడనైనా లేదు.

బండి పైకప్పు రేకుది. లోపల ఉడుకు. ఆరని తడి ఆవిరై నా గోడలకు పట్టింది, నెయ్యి నా అడుగుకు దిగింది. రెండు రోజులు నా పొట్టలో ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరు లేదు. నోరుంటే మాత్రం ఆ డ్రైవరు వింటాడా, పాటలు పెట్టుకున్నాడు.

స్వరూప నన్ను స్వయంగా అందుకుని నీడపట్టున, ఫ్యాను కింద పెట్టింది. ‘ఎండ తగలనీయరాదు’ అన్న మాట చదివిన మొదటి మనిషి ఆమే. మర్నాడు, వేసవి సెలవులైనా వీడ్కోలుకని వచ్చిన పంతుళ్ళందరి ముందు మూత తీస్తే లోపల రేకులు లేవు, తడి ముద్ద ఉంది. అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆయమ్మ మాత్రం వేలితో కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకుంది.

“మా ఊరి నెయ్యేనమ్మా, వాసనే చెప్తంది” అంది.

స్వరూప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రే నా ఫొటో తీసి డబ్బు వాపసు కోరింది.

వీళ్ళ సరుకు అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీకి ఒక నియమం ఉంది. ఎండకు పాడైతే అమ్మినవాళ్ళ తప్పు కాదు. కట్టడంలో తప్పని తేలితే మాత్రం వాపసు ఇవ్వడంతో పోదు, దుకాణం దసరా దాకా మూతే. ఒక హెచ్చరిక అప్పటికే వచ్చి ఉంది. సుభాషిణి జవాబు కొట్టింది: ‘ఎండ వల్ల జరిగిన నష్టానికి మా బాధ్యత లేదండి. పెట్టె వెనక్కి పంపితే చూసి చెబుతాం.’ పంపరనే ధైర్యంతో రాసిన మాట అది. స్వరూప పంపింది.

నన్ను విప్పింది వీరవేణి. ముద్దను చూసి ముఖం చిట్లించలేదు. నా మూతను వెలుతురులోకి తిప్పి మూలలన్నీ వెతికింది.

“చుక్కేదే?”

సుభాషిణి తల దించుకుంది. “బండి తొందరగా వచ్చేసిందక్కా.”

“ఆరకుండా కట్టేసి, ఎండ మీదకి తోసేసేవా?”

“ఒప్పుకుంటే కొట్టు మూసేత్తారక్కా. దసరా దాకా ఏం తింటాం?”

  అప్పుడే ఫోను మోగింది. సుభాషిణి స్పీకరులో పెట్టింది. అవతల స్వరూప.

“అమ్మా, మీ పెట్టె అందిందా? నేను కంప్లైంటు వాపస్ తీసుకుంట. మా ఆయమ్మ ఊకుంట లేదు. పొయ్యి కాడ కూసొని చేసినోళ్ళ కష్టం మీకేం ఎరుక, పైసలు అడగకుర్రి అంటాంది. ఎండకు మీరు మాత్రం ఏం జేస్తరు? ఎండకే పాడైనయి కదమ్మా?”

ఆమె నిందించలేదు. నిజంగానే అడిగింది. సుభాషిణి ఒకసారి నావైపు, ఒకసారి పొయ్యి మీది కుండవైపు చూసింది. ఆమె నోరు తెరవడం చూసి నిజం చెప్పేస్తుందనుకున్నాను. చెప్పాలని నేనెంత కోరుకున్నానో నాకే తెలుసు.

“అవునండి” అంది సుభాషిణి. “ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువండి.”

ఫోను పెట్టేసింది. దుకాణం నిలిచింది. ఆమె అబద్ధమాడిందని నాకు కోపం రాలేదు, కడుపు భయం నేనెరగనిదేం కాదు. కానీ ఆ పెద్దావిడ వేలితో తీసి నాలుకకు రాసుకోవడం నేను కళ్ళారా చూశాను. సుభాషిణి చూడలేదు. ఆ ఒక్క తేడా మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

వీరవేణి చేతులు కడుక్కుని వచ్చి, పసుపు గిన్నెను సుభాషిణి ముందుకు జరిపింది.

“ఇకనించి చుక్క నువ్వే పెట్టు” అంది. 

నెయ్యి పీల్చిన అట్ట కనుక నన్ను పాతకాగితాలవాడు కూడా వద్దన్నాడు. పెట్టెలు కట్టే బల్ల మీద నన్ను ఉంచి, ఆ పసుపు గిన్నెను నాలోనే పెట్టుకుంటున్నారు. సాయంత్రం సుభాషిణి ఒక్కో చుట్టనూ రెండుసార్లు, మూడుసార్లు నొక్కి చూస్తుంది. ఆరిందని తెలిసినా మళ్ళీ నొక్కుతుంది. వేలు పసుపులో ముంచేటప్పుడల్లా నా మూత అడ్డొస్తుంది, దాన్ని వెనక్కి వంచుతుంది. చుక్క పడని ఆ మూల అప్పుడు సరిగ్గా ఆమె కళ్ళ ముందుకు వస్తుంది.

నేను తిరిగొచ్చాక ఎన్నో పెట్టెలు చుక్కతో గడప దాటి వెళ్ళాయి. ఒక్కసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు, ఆమె పసుపు వేలిని నా మూత మూల దాకా తెచ్చింది. కాసేపు అలాగే ఉంచి, పెట్టకుండా చీరకు తుడిచేసుకుంది.